క్యాన్సరు రోగియు దేశవైద్యమును
(రాజంపేట పఠనమందిరసభలో చదువబడిన ప్రసంగము)



దేశవైద్యమును నిందించుటకు మే మీ సభకు రాలేదు. ఆసుపత్రులు లేని కాలమున మన పల్లెల ప్రాణములను కాచినవారు నాటువైద్యులును మంత్రసానులును. ఆ ఋణము మఱువరానిది. కాని క్యాన్సరు విషయమున ఆ కృతజ్ఞతయే మన కన్నులకు గంతలు కట్టరాదు.

పొగాకు నమలువాని బుగ్గలో పుండు పుట్టును. మూడు వారములైనను మానదు. ఇరుగుపొరుగువారు వేడియందురు; ఒకరు ఆకుపసరు చెప్పుదురు; మఱియొకరు పథ్యముతో నలువది దినముల మందు చెప్పుదురు. రోగికి నొప్పి లేదు గనుక ఓపిక పట్టును. స్త్రీయైనచో రొమ్ములోని గడ్డను సిగ్గుచే దాచుకొని, ఎవరికిని తెలియకుండ పట్టు వేయించుకొనును. నెలలు గడచును. మెడలోనో చంకలోనో మఱియొక గడ్డ పొడసూపిన పిదప ఆసుపత్రికి పరుగెత్తుదురు. చిన్న శస్త్రచికిత్సతో పోవలసినది అప్పటికి కొండంతలై యుండును. ఆ మందు విషము కాకపోవచ్చును. అది హరించినది కాలము. ఈ రోగమున కాలమే ప్రాణము.

ఇది మా యూహ మాత్రమే కాదు. అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయ పండితులు 2018లో ఒక పరిశోధనను ప్రకటించిరి. దూరావయవములకు ప్రాకని క్యాన్సరు గలవారిలో, అంగీకృతచికిత్సను వదలి అన్యవైద్యమునే నమ్ముకొన్న 281 మందిని, చికిత్స చేయించుకొన్న వారితో పోల్చిచూచిరి. మొదటి వర్గమువారికి మరణభయము రెండున్నర రెట్లు. స్తనపు క్యాన్సరున అయిదు రెట్లకు పైగా నుండెను. అదే సంవత్సరమున వారు మఱియొక విషయమును గూడ కనుగొనిరి. రెండు వైద్యములను కలిపి నడపినవారిలో పలువురు శస్త్రచికిత్సనో కిరణచికిత్సనో మందులనో నిరాకరించిరి. వారికిని మరణభయము ఇంచుమించు రెట్టింపయ్యెను.

ఇది పాశ్చాత్యుల మాట యని త్రోసివేయువారికి ఒక తెలుగువాని చరిత్ర చెప్పుదుము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఖద్దరు ధరించి మద్రాసు వైద్యకళాశాలలో చదివినవారు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన స్వస్థత పొందినవారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవారు. ఆయనకంటె దేశవైద్యాభిమాని యెవరు? అట్టివారు అమెరికాకు పోయి, ప్రతి పదార్థమును పరీక్షకు నిలిపి, అమినోప్టెరిను మొదలగు మందులు వెలువడిన పరిశోధనలను నడపిరి. ఆ మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు గల 16 మంది బిడ్డల కిచ్చి, పదిమందికి కొంతకాలము గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. తాత్కాలికమని దాచక చెప్పుటయే ఆ శాస్త్రముయొక్క గౌరవము.

మన పెరటిలోని బిళ్ళగన్నేరును చూడుడు. మధుమేహమునకు మంచిదను లోకవాడుకనుబట్టి కెనడా శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించిరి. చక్కెర తగ్గలేదు గాని ఎలుకల తెల్లరక్తకణములు తగ్గెను. ఆ సూత్రమునుండియే 1950 ప్రాంతముల తరువాత విన్‌బ్లాస్టిను, విన్‌క్రిస్టిను అను మందులు వెలువడెను. కావున ఆకులు నమిలిన చాలునా? చాలదు. ఆకులో ఆ సత్త్వము మిక్కిలి స్వల్పము. మోతాదు తప్పిన విషము. మూలికయందు గుణ ముండుట వేరు, రోగికి మందగుట వేరు. ఆ రెంటి నడుమ నున్నది పరీక్ష.

చికిత్స జరుగుచుండగా రహస్యముగా మందులు మ్రింగుటయు ప్రమాదమే. క్యాన్సరు మందులను పెక్కింటిని కాలేయమే విఱుగగొట్టును. దానికి హాని చేయు కషాయము తోడైనచో మందు ఆపవలసి వచ్చును. తెల్లకణములు తగ్గిన దినములలో కడుగని పచ్చి ఆకుల రసము అంటురోగమును తెచ్చును. బోస్టను అంగళ్ళలో అమ్మిన 70 ఆయుర్వేద ద్రవ్యములలో 14 ఇంట సీసము, పాదరసము, పాషాణములలో నేదో యొకటి కానవచ్చెనని 2004లో వైద్యపత్రిక ప్రకటించెను.

అట్లని అంతయు నిష్ప్రయోజనము కాదు. యోగాభ్యాసము, ప్రాణాయామము ఆందోళనను, అలసటను తగ్గించుటకు తోడ్పడును. ఇవి చికిత్సకు తోడు; చికిత్సకు మాఱు కావు. క్యాన్సరును నయముచేయుదునని ప్రకటన లిచ్చుటను మన స్వతంత్ర భారత పార్లమెంటే 1954 నాటి చట్టమున నిషేధించినది. గోడలపైని ప్రకటనలను చదువునపుడు దీనిని జ్ఞప్తియం దుంచుకొనుడు.

పేదవాడు నాటువైద్యుని కడకు పోవుటకు మౌఢ్యమొక్కటే కారణము కాదు. కత్తి భయము, ఖర్చు భయము, ఆసుపత్రిలో ఆదరణ లేమియు కారణములు. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై, పిదప పేరు మాఱిన ప్రభుత్వ పథకమున క్యాన్సరు చికిత్సయు చేరియున్నది. తిరుపతిలో 2022లో టాటావారి తోడ్పాటుతో క్యాన్సరు ఆసుపత్రి తెఱవబడినది. రాజంపేటలో రైలెక్కినచో రేణిగుంట. అచ్చటినుండి తిరుపతి ఎంత దూరము? దారి తెలిసిన చదువరులు దారి తెలియనివానిని చేయిపట్టుకొని తీసికొనిపోవలెను, కాగితములు వ్రాసిపెట్టవలెను.

వైద్యులారా! మూలిక వాడితినని రోగి చెప్పినపుడు కసరకుడు. కసరినచో రేపు దాచును. నాటువైద్యులారా! మూడు వారములకు మానని పుండును, కొత్తగా పుట్టిన గడ్డను మీ యింట నిలుపక ఆసుపత్రికి పంపుడు. దానివలన మీ పేరు తగ్గదు, పెరుగును. గృహస్థులారా! మీ నమ్మకములను విడువుడని మేము కోరము. ముందు ముక్క పరీక్ష చేయించుడు, చికిత్స మొదలిడుడు, తక్కిన దేది వాడదలచినను డాక్టరుతో చెప్పి వాడుడు. ఈ వరుస తప్పకున్నచో మన యూరి ప్రాణములు కొన్నియైనను మనకు దక్కును.