ఆసుపత్రులలో మృతుల తరలింపు – మోయువారికి శిక్షణము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



శుభమా యని కూడిన సభలో మృతుల ప్రస్తావన మేల యని కొందరికి తోచవచ్చును. అయినను ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారమగు మన కిది తప్పించుకొనరాని మాట. వ్యాధి ముదిరినచో ఉదయగిరినుండి నెల్లూరు చేరుటకు సుమారు నూరు కిలోమీటర్ల బాట. పోయినవారందరును ప్రాణములతో తిరిగి రారు.

మా యింటి పెద్దదిక్కు ఒక ఆసుపత్రిలో గతించినప్పుడు ఇద్దరు పనివారు ఆమెను దుప్పటితో నెత్తి స్ట్రెచరుపై వేసిరి. చేయి క్రిందికి వ్రేలాడి ద్వారబంధమునకు ఒరసికొనెను. మేము మండిపడితిమి. వారిలో పెద్దవాడు "మాకెవరు నేర్పినారు సామీ?" అనెను. మాయొద్ద నుత్తరము లేకపోయెను. మనము ముట్టక దూరమున నిలిచి, ఆ పనిని కొన్ని కులములవారికి విడిచి, పిదప వారినే మోటువారని నిందించుచున్నాము.

నేర్వవలసినది చాల కలదు. ప్రాణము పోయిన రెండు మూడు గంటలకు దేహము బిగియ నారంభించును. మొదట కనురెప్పలు, దవడ, తరువాత కాలుసేతులు. కావున కన్నులు మూసి, అవయవములను ముందే సరిచేయవలయును. మన ముసలమ్మలు గడ్డమునకు గుడ్డ కట్టుటయు, కాలి బొటనవ్రేళ్లు జతచేసి కట్టుటయు ఈ పనికే అక్కరకు వచ్చును. రక్తము ముఖమునకు దిగి కమలకుండ తలక్రింద చిన్న దిండుంచవలయును. దేహమును కదల్చునప్పుడు లోని గాలి వెలువడి మూలుగువంటి శబ్దము వచ్చుట కలదు. ఇది యెరుగనివాడు జడిసి చేయి విడుచును. స్ట్రెచరు చక్రములను ముందు బిగించి, మోకాళ్లు వంచి, నడుము వంపక, ఒక్కమాటపై అందరు నెత్తవలయును. లేనిచో మోయువాని నడుమే విరుగును. చేతితొడుగులు ఉండవలయును. గుర్తింపు చీటి దేహమునకే కట్టవలయును. మంగళసూత్రము, ముక్కుపుడక మొదలగునవి బంధువుల యెదుట వ్రాసి యొప్పగింపవలయును. ప్రమాదము, విషము వంటి పోలీసు కేసులలో గొట్టములను, బట్టలను తీయరాదు.

2020 జూన్‌లో పలాసయందు ఒక మృతుని జె.సి.బి.లో తరలించిరి. అంతకు మూడు నెలలముందే, మార్చి 15న, కేంద్ర ఆరోగ్య శాఖ దేహమును తాకు సిబ్బందికి శిక్షణ మీయవలెననియు, బంధువులకు ముఖము చూపవచ్చుననియు సూచనలు వెలువరించి యుండెను. కాగితముపై నున్నది చేతులలోనికి రాలేదు. ఇక మన సంగములోనే 2022 మే నెలలో కాలువలో మునిగి మరణించిన బాలుని దేహమును అయినవారు ద్విచక్రవాహనముపై గొనిపోయిరి. 108 వాహనము మృతులను తరలింపదు. అందుకు వేరుగ మహాప్రస్థానము వాహనములు కలవు. మోయువానికి ఈ సంగతి తెలిసి, వెంటనే కబురు చేసినచో కొంత దుఃఖమైన తగ్గును.

స్వాగతద్వారములకు, పూలదండలకు మన సంఘము చేయు వ్యయము నెవరును లెక్కింపరు. (మేమును దండలు వేయించుకొన్నవారమే.) అందులో కొంత మిగిల్చి, ఆసుపత్రుల అధికారుల యనుమతితో ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వాసుపత్రుల సహాయకులకును, శవాగారపు పనివారికిని ఆత్మకూరులో రెండు దినముల శిక్షణ మేర్పరుపగోరుచున్నాము. నెల్లూరు ప్రభుత్వ వైద్యకళాశాల శవపరీక్షా వైద్యులను బోధకులుగ ప్రార్థింతము. పనివారికి ఆ దినముల కూలి ముట్టవలయును. మంచమునుండి స్ట్రెచరుపైకి జరుపు పలకలు రెండు, శుభ్రమైన తెల్లని దుప్పట్లు మన మీయవలయును.

ఇంకొక మాట. ఆ రెండు దినములును భోజనవేళ వారు మనతో ఒకే పంక్తిని కూర్చుందురు. దీనికి సభవారి సమ్మతి ఇప్పుడే, ఈ వేదికయెదుటనే, కోరుచున్నాము.