టీకాలు: విద్యార్థుల కర్తవ్యము

(ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి సంఘమున మేము గావించిన ఉపన్యాసము)



వైద్యుని పిలువవలసిన సభకు న్యాయవాదిని పిలిచిరేమని కొందరు మమ్ము నడిగిరి. టీకాలో వైద్యమెంత గలదో న్యాయమును అంత గలదని మా సమాధానము. సూది వైద్యునిది, చేయి బిడ్డది. ఆ చేయి చాపుటకు ముందే బిడ్డకును, తలిదండ్రులకును సంగతి తెలియవలదా?

టీకావలని మేలును గూర్చి మాకు సందేహము లేదు. తరతరములుగా మన యిండ్లను పాడుచేసిన మశూచికము 1975వ సంవత్సరమున మన దేశమును విడిచెను. 1980లో ప్రపంచమునుండియే తొలగినట్లు ప్రకటింపబడెను. అయినను టీకా చంటిబిడ్డలకే యను భ్రమ యింకను పోలేదు. ధనుర్వాతమునుండియు కంఠసర్పినుండియు కాపాడు టీకాను 10వ యేటను, మరల 16వ యేటను వేయవలెనని మన జాతీయ కార్యక్రమము విధించుచున్నది. మీలో నెందరికిది తెలియును?

ఇంకొకటి వినుడు. గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరువలన 2022లో మన దేశమున 79,000 మందికి పైగా స్త్రీలు మరణించిరని అంచనా. దీనికి హెచ్‌.పి.వి. యను వైరసు మూలము. వైరసు సోకకముందు, అనగా 9 మొదలు 14 ఏండ్లలోపున, టీకా వేసిన మిక్కిలి గుణము నిచ్చును. 2018లో సిక్కిము రాష్ట్రము పాఠశాలల ద్వారా ఈ పని నారంభించి, నూటికి 95 మందికి పైగా బాలికలకు టీకా వేయగలిగెను.

మన ప్రాంతమున జరిగినదేమి? 2009లో, నాడు ఆంధ్రప్రదేశమునను నేడు తెలంగాణమునను ఉన్న ఖమ్మము జిల్లాలో, ఒక అమెరికా సంస్థ ప్రభుత్వముతో కలిసి సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకాను వేయించెను. వారిలో పలువురు గిరిజన వసతిగృహములలోని పేదపిల్లలు. కొందరు బాలికలు మరణింపగా అలజడి రేగి, 2010లో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. ఆ మరణములకు టీకా కారణము కాదనియే విచారణ సంఘము తలచెను. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము బయటపెట్టిన సంగతి మరియొకటి: 9,543 సమ్మతి పత్రములలో 1,948 వేలిముద్రలు, 2,763 పత్రములపై వసతిగృహ పాలకుల సంతకములు!

మేము న్యాయస్థానములలో నిత్యము వేలిముద్రలను చూచువారము. చదివి వినిపింపని పత్రముపై పడిన ముద్ర సమ్మతి కాదు, సిరామరక మాత్రమే. మంచి మందును సయితము అడుగక యిచ్చినచో జనులకు దానియందు నమ్మకము చెడును. ఆ చెడిన నమ్మకమునకు వెల చెల్లించువారు రేపటి బాలికలే.

ఇచ్చటనే విద్యార్థుల పని యున్నది. చదువురాని తల్లికి ఆ పత్రమును చదివి వినిపింపగలవారెవరు? ఆమె బిడ్డయే. కేంద్ర ప్రభుత్వము 2020లో నారంభించిన పాఠశాలారోగ్య కార్యక్రమము ప్రతి బడికి ఇద్దరుపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగను, తరగతి నాయకులను వారి దూతలుగను నియమింపుమన్నది. ఆ పేరు కాగితముపై నుండిన చాలదు.

"వైద్యము పిల్లలకేమి తెలియును?" అని పెద్దలందురు. వైద్యము చేయుమని మేము కోరుటలేదు. వ్యాధి యేది, టీకా యేది, ఏ వయసున వేయవలెను అను మూడు మాటలను వైద్యునొద్ద నేర్చి, తోటివారికి చెప్పుడు. చేయి నొచ్చుననియు, కొలదిగ జ్వరము రావచ్చుననియు, కొందరికి కన్నులు తిరుగుననియు, అందుకే పావుగంట కూర్చుండవలెననియు దాచక చెప్పుడు. ఈ టీకా అన్నివిధముల హెచ్‌.పి.వి.ని ఆపజాలదు గనుక, పెద్దయిన పిదప పరీక్షలు మానరాదనియు చెప్పుడు. తెలియని ప్రశ్నకు "తెలియదు, నర్సమ్మ నడిగి చెప్పెద" ననుడు. వలదన్నవారిని ఎగతాళి చేయకుడు; వారి పేరులను చాటకుడు. ఒకరిని బలవంతపెట్టి గెలిచినదానికంటె, పదిమందిని ఒప్పించుట మేలు.

స్వరాజ్యమనగా మన దేశముపై మన అధికారమే కాదు. మన దేహముపై జరుగు ప్రతి కార్యమును మనమెరిగి యొప్పుకొనుట. ఈ నెలలోనే తరగతికిద్దరు చొప్పున ముందునకు రండు. పత్రము ఇంటికి పోవుటకు ముందు మీ మాట ఇంటికి పోవలెను.