నకలున్నదన్న నమ్మకము

కంప్యూటరుపై యానిమేషను చిత్రమును నిర్మించువారికి ఆస్తి యంతయు ఫైళ్లే. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' చిత్రమును తయారు చేయుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో ఫైళ్లు చెరిగిపోసాగినవి. కన్నులయెదుటనే వుడీ అను బొమ్మకు మొదట టోపీ, పిదప బూట్లు మాయమై, తుదకు బొమ్మయే లేకపోయినది. సుమారు నూటికి 90 పాళ్లు నశించినవి. నకళ్లు లేకపోలేదు, కాని అవి సరిగా పడుచున్నవో లేదో తెరచి చూచినవారు లేరు! పసిబిడ్డ తల్లియై యింటినుండి పనిచేయుచున్న గేలిన్ సుస్మన్ కంప్యూటరులోని ప్రతియే ఆదుకొన్నది. ఆ కథను తరువాత వారే చాలవరకు మార్చి తిరిగి తీసిరనుట వేరు సంగతి.

మీ యింట ఉచితముగా దొరకు బ్లెండర్‌పై బొమ్మలాడించు పిల్లలుందురు. అది సాధారణముగా రెండు నిమిషముల కొకమారు తనంతట తానే ప్రతిని దాచును. కాని క్రొత్తది పాతదానిని చెరపివేయును గనుక, దానినే నమ్ముకొనుట మాకు సమ్మతము కాదు. పెద్ద మార్పు చేసినప్పుడెల్ల 01, 02 అని సంఖ్య మార్చి దాచవలెను. బొమ్మలకు అంటించిన రంగుచిత్రములను ఫైలులో 'ప్యాక్' చేయనిచో, వేరొక కంప్యూటరులో ఆ భాగములు గులాబిరంగున వెక్కిరించును. ఒక ప్రతిని వేరు డిస్కుపై నుంచి, వారమున కొకమారైనను అచ్చటనే తెరపించి చూడుడు.