ప్రొద్దుటూరు బంగారం అసలు యాడ పుట్టింది?

ఈరోజు ఎపిసోడ్ బంగారం అంగట్లో మొదలవుతుంది, ఫిజిక్స్‌లోకి పోతుంది. మధ్యలో గండికోట కూడా వస్తుంది. కొంచెం ఓపిక పట్టండి.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు కదా. ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చాలు, జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు నుంచి జనం బస్సెక్కి ఇక్కడికే వస్తారు. అంగట్లో కూర్చున్నాక మనం అడిగేవి మూడే ప్రశ్నలు. గ్రాము ఎంత? తరుగు ఎంత? 916 ముద్ర ఉందా? నేను ఒకసారి నాలుగోది అడిగా. "అన్నా, ఈ బంగారం యాడ నుంచి వచ్చింది?" ఆయన తల ఎత్తకుండానే "చెన్నై" అన్నాడు. "చెన్నైకి?" "దుబాయ్ నుంచి." "దుబాయ్‌కి?" అప్పుడు తల ఎత్తి చూశాడు. "నువ్వు కొనేది ఉందా, లేదా?"

ఆయన తప్పు ఏం లేదు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. గని నుంచి వచ్చింది అంటాం. గనిలోకి ఎట్లా వచ్చింది? భూమి బంగారాన్ని తయారు చేయలేదు. సూర్యుడూ చేయలేడు. సూర్యుడి పని హైడ్రోజన్‌ను హీలియం చేయడం. సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు పెద్ద నక్షత్రాలు కూడా కేంద్రకాలను కలుపుకుంటూ పోయి ఇనుము దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి కలిపితే శక్తి రాదు, ఎదురు ఖర్చవుతుంది. పైగా బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు ఉంటాయి. అన్నీ ప్లస్ చార్జే. బయటి నుంచి ఇంకో ప్లస్ వస్తే తోసేస్తాయి.

మరి లోపలికి పోగలిగేది ఎవరు? చార్జ్ లేనిది. న్యూట్రాన్.

న్యూట్రాన్‌ను 1932లో జేమ్స్ చాడ్విక్ కనిపెట్టాడు. ఇక్కడ ఒక చిన్న మాట. ఆ చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేసిన తెలుగాయన ఒకరున్నారు, స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్యాసం తీసుకుని, యూరప్ పోయి అణుభౌతిక శాస్త్రం చదివి, తిరిగొచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌ను నిలబెట్టారు. విశాఖలో ఆ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే. ఆయన మీద వేరే ఎపిసోడ్ చేయాల్సిందే. ప్రస్తుతానికి మన దారిలోకి వద్దాం.

1957లో ఇద్దరు బర్బిడ్జ్‌లు, ఫౌలర్, హోయల్ అనే నలుగురు కలిసి ఒక పెద్ద పేపర్ రాశారు. అదే ఏడాది కామెరాన్ అనే ఆయన విడిగా అదే మాట చెప్పాడు. ఇనుము కన్నా బరువైన మూలకాలకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి నిదానం దారి: కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను మింగి, తీరుబడిగా సర్దుకుని, ఎప్పుడో ఇంకోటి మింగుతుంది. రెండోది వేగం దారి: సర్దుకునే టైమ్ కూడా ఇవ్వకుండా న్యూట్రాన్ల మీద న్యూట్రాన్లు వచ్చి పడతాయి. మన బంగారంలో ఎక్కువ భాగం ఈ రెండో దారిలోదే. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు చూడండి, అదైతే పూర్తిగా రెండో దారిదే. నిదానం దారి బిస్మత్ దగ్గరే ఆగిపోతుంది, యురేనియం దాకా రాలేదు. అంటే ప్రొద్దుటూరు అంగట్లోని హారం, తుమ్మలపల్లె రాయిలోని యురేనియం ఒకే రకం మంటలో పుట్టిన దాయాదులు. తుమ్మలపల్లె అనగానే చుట్టుపక్కల ఊర్ల నీళ్ల గొడవ గుర్తొస్తుంది, తెలుసు. అది చిన్న విషయం కాదు కాబట్టే ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చను.

ఇప్పుడు గండికోట. కోట గోడ దాటి పెన్నా లోయ అంచున నిలబడి ఉంటారు కదా, ఫోటోలు దిగే చోట. కింద నది, రెండు పక్కలా నిటారు కొండ. ప్రపంచంలోని కేంద్రకాలన్నిటినీ ఒక పటం మీద పెట్టి, ఎక్కువ శక్తి ఉన్నదాన్ని ఎత్తులో, తక్కువ ఉన్నదాన్ని పల్లంలో చూపిస్తే అచ్చం ఇట్లాంటి లోయే వస్తుంది. అడుగున, నది పారే చోట, స్థిరంగా ఉండే కేంద్రకాలు. బంగారం 197 అక్కడే ఉంటుంది, 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు. బంగారంలో స్థిరమైన ఐసోటోప్ అదొక్కటే. ప్రోటాన్లు, న్యూట్రాన్ల లెక్క తప్పేకొద్దీ గోడ ఎక్కుతూ పోతాం. ఆ గోడ మీద ఉన్నవాటినే ఎగ్జోటిక్ కేంద్రకాలు అంటారు. గోడ మీద రాయి నిలవదు, కిందికి దొర్లుతుంది. దొర్లే పద్ధతి పేరు బీటా క్షయం: ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది. ఇంకా పైకి పోతే కొండ అంచు వస్తుంది. అక్కడ ఇంకో న్యూట్రాన్ పెడితే అతుక్కోదు, రాలిపోతుంది.

వేగం దారి అంటే ఏందంటే, న్యూట్రాన్ల వరద కేంద్రకాలను లోయ అడుగు నుంచి ఎత్తి గోడ మీదికి విసరడం. వరద ఆగాక అవి దొర్లుకుంటూ కిందికొస్తాయి. అట్లా దొర్లి వచ్చిందే మన బంగారం.

మరి ఏ మెట్టు నుంచి దొర్లింది? కేంద్రకాల్లో కొన్ని మ్యాజిక్ అంకెలు ఉంటాయి: 2, 8, 20, 28, 50, 82, న్యూట్రాన్లకైతే 126 కూడా. అన్ని ఉన్నప్పుడు కేంద్రకం గట్టిగా ముడిపడి ఉంటుంది. ఎందుకో 1949లో మరియా మేయర్, హాన్స్ యెన్సన్ విడివిడిగా వివరించారు, 1963లో నోబెల్ వచ్చింది. వరదలో కొట్టుకుపోతున్న కేంద్రకం 126 న్యూట్రాన్లు నిండగానే టోల్ గేట్ దగ్గర లారీలా ఆగిపోతుంది. 127వ న్యూట్రాన్ సరిగా అతుక్కోదు. ఒక బీటా క్షయం జరిగేదాకా ఆగాలి. అందుకే అక్కడ జనం గుమిగూడతారు. ఆ గుంపు దొర్లి కిందికి వచ్చేసరికి ఇరీడియం, ప్లాటినం, బంగారం అవుతుంది. ఆభరణాల అంగట్లో ప్లాటినం, బంగారం పక్కపక్కనే ఉండటానికి కారణం వేరే, కానీ పుట్టుకలోనూ అవి పక్కపక్కవే.

ఇప్పుడు సింపుల్ లెక్క చేద్దాం. 197లోంచి 126 తీసేస్తే 71. 71 ప్రోటాన్లు ఉన్న మూలకం లుటేషియం. అంటే లుటేషియం 197. అది ఎనిమిది సార్లు బీటా క్షయం చెందితే 71 కాస్తా 79 అవుతుంది. బంగారం! దారిలో కొన్ని న్యూట్రాన్లు రాలిపోవచ్చు కాబట్టి 198, 199 దగ్గర బయల్దేరినవి కూడా చివరికి ఇందులోనే కలుస్తాయి. ఒక గ్రాము బంగారంలో మూడు పక్కన 21 సున్నాలు పెట్టినన్ని పరమాణువులు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇట్లాంటి దారిలో దొర్లి వచ్చినవే.

అసలు చిక్కు ఇక్కడుంది. లుటేషియం 197ను ఇప్పటిదాకా ఏ ల్యాబ్‌లోనూ ఎవరూ తయారు చేయలేదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలోని ఎఫ్‌ఆర్‌ఐబీ అనే కేంద్రం ప్లాటినం 198 కేంద్రకాలను వేగంగా కొట్టి ఐదు కొత్త ఐసోటోప్‌లను ప్రకటించింది. వాటిలో ఒకటి లుటేషియం 190. మనకు కావాల్సింది 197. ఇంకా ఏడు న్యూట్రాన్ల దూరం. వినడానికి ఏడే. కానీ ఆ గోడ మీద ఒక్కో అడుగు ఎక్కడానికి ఏళ్లు పడుతోంది.

మధ్యలో ఒక మాట. సెర్న్ వాళ్లు సీసాన్ని బంగారం చేశారని 2025లో రీల్స్ తిరిగాయి కదా. నిజమే. 2015 నుంచి 2018 దాకా జరిగిన ప్రయోగాల్లో పుట్టిన బంగారం మొత్తం 29 పికోగ్రాములు, అదీ క్షణంలో ముక్కలైపోయింది. ప్రొద్దుటూరు రేటు ఏం పడిపోలేదు.

సరే, చేతికి అందని కేంద్రకం గురించి తెలుసుకునేది ఎట్లా? లెక్కతో. న్యూక్లియర్ థియరీ చేసేవాళ్ల పని ఇదే. థియరీ అంటే ఉత్త మాటలు, ప్రాక్టికల్ అంటే అసలు పని అని మన దగ్గర ఒక అభిప్రాయం ఉంది. ఇక్కడ అది పనిచేయదు.

ఆచారి దగ్గర గీటురాయి చూసే ఉంటారు. నగను రాయి మీద గీస్తాడు, పక్కన తెలిసిన మచ్చు గీస్తాడు, రెండూ పోలుస్తాడు. థియరీ చేసేవాళ్లదీ ఇదే పద్ధతి. బరువు కొలిచిన కేంద్రకాలు సుమారు రెండున్నర వేలు ఉన్నాయి. అవి మచ్చులు. వాటి మీద మోడల్‌ను సానపెట్టి, తెలియనివాటి మీదికి తీసుకుపోతారు. మొత్తం దాదాపు ఏడు వేల కేంద్రకాలు ఉండొచ్చని 2012లో ఒక లెక్క వేశారు.

మచ్చు లేని లోహం వస్తే? 1985లో అదే జరిగింది. జపాన్ శాస్త్రవేత్త ఇసావో తనిహటా బృందం అమెరికాలోని బర్క్లీలో లిథియం 11 సైజు కొలిచింది. టేపు పెట్టి కొలవలేం కదా, ఒక టార్గెట్ మీదికి పంపి ఎన్ని గుద్దుకున్నాయో చూసి, దాని నుంచి సైజు రాబట్టారు. ఆ రాబట్టే లెక్కే న్యూక్లియర్ రియాక్షన్ థియరీ. లిథియం 11లో ఉన్నవి 3 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు, మొత్తం పదకొండు. సైజు చూస్తే 208 కణాలున్న సీసం కేంద్రకంతో పోల్చేంత! చివరి రెండు న్యూట్రాన్లు చాలా దూరంగా, పొగలా కమ్ముకుని ఉన్నాయి. దాన్నే హేలో అన్నారు. ఇంకా విచిత్రం, ఇది మూడు పాయల జడ లాంటిది. లిథియం 9, ఒక న్యూట్రాన్, ఇంకో న్యూట్రాన్. ఏ ఒక్క పాయ తీసినా మిగతా రెండూ కలిసి ఉండవు. పుస్తకంలోని సైజు సూత్రం లోయ అడుగున పనిచేసింది, గోడ మీద తప్పింది.

అందుకే 126 గురించి భయం. ఆ మ్యాజిక్ అంకె లోయ అడుగున గట్టిదే. గోడ మీద కూడా అంతే గట్టిగా ఉంటుందా? తేలిన్యూట్రాన్‌ కేంద్రకాల్లో 20 అనే మ్యాజిక్ అంకె మెగ్నీషియం 32 దగ్గర చెదిరిపోయిందని ఇప్పటికే తెలుసు. 126 కూడా బలహీనపడితే టోల్ గేట్ దగ్గర రద్దీ మారుతుంది, బంగారం లెక్క మారుతుంది.

ఎంత కచ్చితంగా లెక్కేయాలో చెప్తా. మంచి మోడళ్లు కేంద్రకం బరువును అర మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ తేడాతో చెప్తాయి. మన భాషలో చెప్పాలంటే, మూడున్నర టన్నుల బండిని కాటా మీద పెట్టి పది గ్రాముల తేడాతో బరువు చెప్పడం. అబ్బా అనిపిస్తుంది. అయినా చాలదు. ఎందుకంటే గోడ మీద చివరి న్యూట్రాన్‌ను పట్టుకుని ఉన్న బలం రెండు మూడు మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లే. అందులో అర తేడా అంటే పెద్ద తేడా. కొలిచిన చోట అన్ని మోడళ్లూ ఒకే మాట చెప్తాయి. కొలవని చోటికి పోగానే తలా ఒక దారి.

2017 ఆగస్టు 17న ఇది పెద్ద ప్రశ్న అయ్యింది. ఆరోజు రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలను లైగో, విర్గో పట్టుకున్నాయి. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. తర్వాత వచ్చిన వెలుగును టెలిస్కోపులు వారాల తరబడి చూశాయి. ఆ వెలుగులో స్ట్రాన్షియం గుర్తు ఉందని 2019లో చెప్పారు. బంగారం గుర్తు మాత్రం విడిగా దొరకలేదు. అక్కడ ఇంత బంగారం పుట్టింది అని మీరు వార్తల్లో చదివిన అంకెలన్నీ వెలుగు నుంచి నేరుగా వచ్చినవి కావు. మధ్యలో ఎవరూ చూడని కేంద్రకాల బరువులు, ఆయుష్షుల లెక్క ఉంది. 2025లో ఇంకో వాదన వచ్చింది: 2004 డిసెంబర్‌లో మాగ్నెటార్ అనే నక్షత్రం చేసిన పెద్ద పేలుడులోనూ ఇట్లాంటి బరువైన మూలకాలు పుట్టాయని. ఎవరి వాటా ఎంత అనేది తేల్చాలన్నా మళ్లీ ఆ లుటేషియం పొరుగువాళ్ల దగ్గరికే రావాలి.

నాకైతే ఈ పనిలో నచ్చేది ఒకటుంది. నిజాయితీగా చేసేవాళ్లు ఒక్క అంకె చెప్పి ఊరుకోరు, ఎంత తప్పు ఉండొచ్చో కూడా చెప్తారు. నాలుగు మోడళ్లతో లెక్కేసి, నాలుగూ చూపిస్తారు. రేపు లుటేషియం 191 దొరికితే ఎవరి మోడల్ నిలబడిందో, ఎవరిది కొట్టుకుపోయిందో అందరికీ తెలిసిపోతుంది.

చాలామంది అడుగుతారు, దీనికి సెర్న్ పోవాలా అని. అక్కర్లేదు. మన దేశంలో రూర్కీ ఐఐటీలో, కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పని జరుగుతోంది. టేలిస్ అనే రియాక్షన్ ప్రోగ్రామ్ ఫ్రీగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. కావాల్సింది క్వాంటమ్ మెకానిక్స్, కొంచెం కోడింగ్, చాలా ఓపిక. ఎమ్మెస్సీలో న్యూక్లియర్ పేపర్‌ను పాస్ మార్కుల కోసం చదివినోళ్లు ఆ పుస్తకం అమ్మేయకండి.

ఫోన్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ల ఐసోటోప్ బ్రౌజర్ యాప్ ఉంటుంది, ఫ్రీనే. దించుకుని 71 నంబర్ దగ్గరికి పోండి. లుటేషియం వరుస ఎక్కడ ఆగిందో చూడండి, 197 దాకా ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టి కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో స్వామి జ్ఞానానంద గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.