పూర్వ విద్యార్థులైన వైద్యులు – నేటి విద్యార్థులు



1936 ఏప్రిల్ 1న గంజాం మదరాసు రాజధాని నుండి విడివడి ఒరిస్సా రాష్ట్రమున చేరినది. నాటి తెలుగు బాలునికి వైద్యవిద్య కావలెనన్న, 1923లో నెలకొన్న విశాఖపట్నం వైద్య కళాశాల ఒక దారి. 1962లో బరంపురముననే వైద్య కళాశాల ఏర్పడినది. నేడది మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర వెలుగుచున్నది. లంజిపల్లి పిల్లవానికి దారి దగ్గరైనది గాని భాష దగ్గర కాలేదు. తెలుగున చదివినవాడు పాఠము ఇంగ్లీషున వినవలెను, రోగిని ఒడియాలో పలుకరింపవలెను. అయితే ఇచ్ఛాపురము నుండి వచ్చిన ముసలమ్మ “గుండె దడగా ఉంది నాయనా” అన్నప్పుడు ముందుగా గ్రహించువాడు అతడే. ఈ సంగతి ఏ గ్రంథమూ చెప్పదు. ఆ దారిని నడచిన వైద్యుడే చెప్పవలెను.

వైద్య కళాశాలల పూర్వ విద్యార్థుల సమావేశములలో శాలువలకు కొదువ లేదు (కొన్ని తగ్గినను నష్టము లేదు). ఒక పూట విద్యార్థులకు విడిచినచో మేలు. శవచ్ఛేదన గది ముందు తన కాళ్లు వణికిన సంగతి, తొలి పరీక్ష తప్పిన సంగతి పెద్ద డాక్టరు తన నోటనే చెప్పగా విన్న పిల్లవాడు సగములో చదువు విడిచిపోడు.

ఈ సభలోని వైద్యులు నేటి భోజనముల వేళ వేదిక దిగి, పదవ తరగతి పిల్లల పంక్తిలో కూర్చుందురు గాక.