ఎండకు పోయిన ప్రాణాలు ఏ రిజిస్టరులో ఉన్నాయి?

(సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో జరిగిన బస్తీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు అనగానే కరిగే మంచుకొండలు, పొంగే సముద్రాలు మన కళ్ల ముందు మెదులుతాయి. రాంగోపాల్‌పేట్‌లోను, పక్కనున్న నల్లగుట్టలోను, రాణీగంజ్ దుకాణాల వెనుక సందుల్లోను బతికేవారికి మాత్రం అది నెత్తిమీది కప్పు. రేకు పగలు మండుతుంది. స్లాబు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. ఆ ఒక్క గదిలోనే పొయ్యి, కుట్టుమిషను, ముసలితల్లి మంచం. ముస్లింలలో సొంత చేతిపనుల మీద బతికేవారు ఎక్కువనీ, స్త్రీలలో ఇంటివద్దే పని చేసుకునేవారు ఎక్కువనీ సచార్ కమిటీ 2006లోనే తేల్చి చెప్పింది. ‘మధ్యాహ్నం ఇంట్లోనే ఉండండి’ అని ప్రభుత్వం ప్రతి వేసవిలో ప్రకటిస్తుంది. ఇల్లే కొలిమి అయినవారికి ఆ సలహా ఎందుకు పనికివస్తుంది?

2017లో మన నగరంలోని దేవరకొండ బస్తీలో సుమారు 25 పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచి పరీక్షించారు. పక్కనున్న మామూలు ఇళ్లకంటే వాటిలో సగటున 2 డిగ్రీల వేడి తగ్గింది. ఇటువంటి పరిశోధనల బలంతోనే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ చల్లని కప్పుల విధానం వెలువడింది. అయిదేళ్లలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల మేర అటువంటి కప్పులు రావాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, ప్రభుత్వం కట్టించే పేదల ఇళ్లకు, 600 గజాలు, ఆపైన ఉన్న నివాసాలకు అది తప్పనిసరి. అంతకు లోబడినవారికి ఐచ్ఛికం.

ఈ ‘ఐచ్ఛికం’ అనే మాటలో దయ ఉన్నట్టే కనిపిస్తుంది. పేదవాని మీద నిర్బంధం పెట్టమని మేమూ కోరడం లేదు. కానీ 40 గజాల ఇంట్లో అద్దెకుండేవానికి ఇచ్ఛ ఎక్కడిది? కప్పు యజమానిది. సున్నం వేయమంటే అద్దె పెంచుతానంటాడు, లేదా ఖాళీ చేయమంటాడు. కొలత పేదవాని కప్పు మీద తీసుకున్నప్పుడు, సాయం కూడా మొదట అక్కడికే రావాలి. ఖర్చు ప్రభుత్వం భరించాలి, కొన్నేళ్లపాటు అద్దె పెంచబోనని యజమాని రాసివ్వాలి. మేము అడిగేది ఇంతే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలకు పైగా వడదెబ్బ మరణాలు నమోదయ్యాయి. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయమే. అయితే గుమాస్తా ఉద్యోగంలో ఏళ్లు గడిపిన మాకు తెలిసినదొకటే: ఫైలు కదలాలంటే కాగితం కావాలి. మన ఇళ్లలో మధ్యాహ్నం ఎవరైనా కన్నుమూస్తే ఇషా లోపల దఫన్ పూర్తవుతుంది. జనాజా ఆలస్యం చేయరాదు, శవపరీక్షకు మనసొప్పదు. ‘గుండె ఆగింది’ అనుకుంటాము, ఇన్నా లిల్లాహి అంటాము. ఎండ పేరు ఎక్కడా రాయబడదు. పరిహారం సంగతి అటుంచండి, ఈ బస్తీలో ఎండకు ఎవరూ పోలేదని రేపటి ప్రణాళికలో రాసుకుంటారు.

అహ్మదాబాద్ ఏమి చేసిందో చూడండి. అక్కడ 2010 మే నెల వడగాలులలో ఎందరు పోయారో తెలుసుకోవడానికి పరిశోధకులు ‘వడదెబ్బ’ అని రాసిన కాగితాలకే పరిమితం కాలేదు. ఆ నెల మొత్తం మరణాలను దానికి ముందు, తరువాతి ఏళ్ల మే నెలలతో పోల్చారు. 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఆ నగరం 2013లో దక్షిణాసియాలోనే మొదటి వడగాలుల నివారణ ప్రణాళికను తెచ్చుకుంది.

మన ఖబ్రస్తాన్ కమిటీల వద్ద దఫన్ రిజిస్టర్లు ఉంటాయి. తేదీ, పేరు, వయసు ఉంటే చాలు. గడచిన పదేళ్ల ఏప్రిల్, మే పుటలను వరుసగా పెట్టి లెక్కించడానికి పెద్ద చదువు అక్కరలేదు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక నోటుపుస్తకం చాలు. హిందూ సోదరుల శ్మశానాల రిజిస్టర్లు కూడా అడగాలి. ఎండ పేరు అడిగి కొట్టదు కదా.

ఇక ఇంటి సంగతి. మనిషికి ఒళ్లు కాలిపోయి, మాట తడబడితే వెంటనే 108కు ఫోను చేయండి. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడవండి. స్పృహ తప్పినవారి నోట నీళ్లు పోయకండి. ముందు అది ప్రాణానికి రక్ష, తరువాత కాగితానికి ఆధారం. ప్రాణం నిలవకపోతే, దఫన్‌కు ముందు ఒక డాక్టరు చేత చూపించి, గది ఎలా ఉన్నదో, ఒళ్లు ఎంత వేడిగా ఉన్నదో రాయించండి. పోలీసు స్టేషనులో, తహసీల్దారు కార్యాలయంలో తెలియజేసి, తేదీతో రసీదు తీసుకోండి. దానికి గంట పడుతుంది. ఆ గంట ఆలస్యం గురించి ఇమాము సాహెబులతోనే ముందుగా మాట్లాడి, జుమా ప్రసంగంలో చెప్పించమని కోరుతున్నాము.

మస్జిద్ కమిటీలకు ఒక మనవి. మీ కప్పుకు ఈ మార్చిలోపే తెల్లసున్నం వేయించండి. జుహర్ నుండి అసర్ దాకా తలుపులు తెరిచి, కుండనీళ్లు పెట్టి, తోపుడుబండివానిని, హమాలీని ఏ మతమని అడగకుండా కూర్చోనివ్వండి. స్త్రీలకు వేరే గది ఉన్నచోట అదీ తెరవండి. సున్నం ఖర్చుకు చందా పుస్తకం ఇక్కడే బల్లమీద ఉన్నది. రిజిస్టర్లు లెక్కించడానికి ముందుకు వచ్చే పిల్లలు పక్కనున్న కాగితంలో పేరు రాయండి.