విమానం ముప్పావుగంటే, కాని...



మూడేళ్ల క్రితం విజయవాడలో మా అమ్మకు అర్జంటుగా ఆపరేషన్ అన్నారు. రాత్రి ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోతారని కబురు. "విశాఖనుంచి గన్నవరానికి విమానంలో గంటేనటమ్మా, నువ్వు అలా వెళ్లు" అని అన్నయ్య నాకు టిక్కెట్టు కొన్నాడు. వదిన మాత్రం అనకాపల్లిలోనే రత్నాచల్ యెక్కింది. యిద్దరం యించుమించు ఒకేసారి గడప దాటాం. అమ్మ చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది వదిన. నా విమానం రెండున్నర గంటలు ఆలస్యం. నేను వెళ్లేసరికి అమ్మను లోపలికి తీసుకుపోయారు.

ఆ తర్వాత పాలలెక్క రాసే పుస్తకంలోనే యీ లెక్కా వేశాను.

విశాఖ, గన్నవరం విమానాశ్రయాల మధ్య సూటిగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. విశాఖనుంచి విజయవాడకు రైలు దారి 350. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది గదా, 22 నిమిషాల్లో చేరాలి! చేరదు. యెందుకంటే యింత చిన్న దూరంలో పైకెక్కడానికీ, కిందికి దిగడానికే సగం పైగా కాలం సరిపోతుంది. అందుకే గంటకు 500 పోయే ప్రొపెల్లర్ విమానం కూడా పెద్దగా వెనకబడదు. గాలిలో వుండేది ముప్పావుగంట. టిక్కెట్టు మీద గంట అని వుండేది, యిక్కడ కదిలినప్పటినుంచి అక్కడ ఆగేదాకా.

మరి మన గడప నుంచి? గాజువాక రద్దీలో విమానాశ్రయానికి గంట. రెండు గంటలు ముందుండాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు. విమానం గంట. సామానుకు అరగంట. గన్నవరంనుంచి విజయవాడ 20 కిలోమీటర్లు, ముప్పావుగంట. వెరసి అయిదుంబావు గంటలు. రత్నాచల్‌లో అనకాపల్లినుంచి సుమారు అయిదున్నర! పైగా విమానంలో సామాను తూకం. ఒక్క బెల్లం దిమ్మ పెడితే యిక చీరలకు చోటుండదు.

హైదరాబాదుకైతే సంగతి వేరు. సూటిగా 510 కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. రైల్లో అయితే రాత్రంతా. అక్కడ విమానం డబ్బుకు న్యాయం చేస్తుంది.

యింకొకటి. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం విశాఖకు ఆవల, విజయనగరం వైపు 45 కిలోమీటర్లు. పాతది మనకు విశాఖ యివతలే, పాతిక కిలోమీటర్లలో. భోగాపురంలో విమానం యెక్కాలంటే మనవాళ్లు మరో గంట ముందే బయలుదేరాలి. టిక్కెట్టు కొనేముందు యే విమానాశ్రయమో చూసుకోండి.

అమ్మ యిప్పుడు కులాసాగా వుంది. మొన్న సంక్రాంతికి వదినా నేనూ రత్నాచల్‌లోనే వెళ్లాం, బెల్లం దిమ్మ కాళ్లదగ్గర పెట్టుకుని.